అందులో ఎవరైనా ఉన్నారా?

మా వట్లూరువారికి ఆకాశంలో బారులు తీరి ఎగిరేవంటే కొల్లేటి పక్షులే. శీతకాలపు సాయంత్రాలలో వరిచేల మీదుగా, రైలుకట్ట దాటి, వంకరగీత గీసినట్లు కొల్లేటివైపు సాగిపోయే ఆ బారులను తలయెత్తి చూడడం నాకు చిన్ననాటినుంచీ అలవాటు. మనుష్యులు నడిపే యంత్రాలు అట్లా బారులు తీరి ఎగరగా కన్నులారా చూచినది మాత్రం అరవై దాటిన తరువాతనే.

2022 డిసెంబరు 4, ఆదివారం. విశాఖపట్నం రామకృష్ణా బీచి. అంతవరకు ఢిల్లీలో జరుగుతూ వచ్చిన నౌకాదళ దినోత్సవ ప్రధాన వేడుకను ఆ యేడు విశాఖలో జరిపారు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు స్వయంగా విచ్చేశారు. నౌకాదళంలో పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడు "మాస్టారూ, జన్మకొక్కసారైనా చూడవలసిన సంగతి" అని పట్టుబట్టగా, ఏడేళ్ళ మనుమణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. తీరం పొడవునా ఇసుక వేస్తే రాలనంత జనం. ముందు హెలికాప్టర్లు వచ్చాయి. తరువాత జెట్ విమానాలు వచ్చాయి. అవి కంటికి కనబడి మాయమైన పిమ్మటగాని వాటి ధ్వని చెవికి చేరలేదు. చేరినప్పుడు గుండెలో డప్పు మ్రోగినట్లయింది. కమాండోలు గాలిలోనుండి గొడుగులు విప్పుకొని దిగారు. నా చేతులు నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాయి. ఆ ఆనందాన్ని ఇప్పుడు తక్కువ చేసి చెప్పబోను. అంతటి నేర్పును చూచి పులకించనివాడు ఉండడు.

చివరలో, సముద్రంలో కొంత దూరాన నిలిపిన ఒక నమూనా లక్ష్యాన్ని పేల్చివేశారు. ఎర్రని మంట, నల్లని పొగ, ఒడ్డున కేరింతలు. మా మనుమడు నా చొక్కా పట్టి లాగి అడిగాడు:

"అందులో ఎవరైనా ఉన్నారా తాతయ్యా?"

"ఎవరూ లేరు నాన్నా, అది ఉత్తుత్తిది" అన్నాను.

వాడు తృప్తిపడి మళ్ళీ చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేకపోయాను. ఆ నమూనా వరకు నా మాట నిజమే. ఆ సముద్రం సంగతి వేరు. డిసెంబరు నాలుగున మనం పండుగ చేసుకొనేది 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై చేసిన దాడికి గుర్తుగా. సరిగ్గా దానికి ముందటి అర్ధరాత్రి, మూడవ తేదీకి నాలుగవ తేదీకి నడుమ, విశాఖ తీరానికి చేరువలోనే పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' 93 మందితో మునిగిపోయింది. ఒక్కరు కూడ బ్రతకలేదు. ఆ నౌక నేటికీ అక్కడే ఉన్నది.

ఈ విషయమై మూడేళ్ళుగా నాలో నలుగుతున్న ఆలోచనను మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు.

*

శత్రువు అంటే ఎవరు? తెలుగు పండితుణ్ణి గనుక ముందు నిఘంటువు దగ్గరికే పోతాను. పగతుడు, పగవాడు, అరి, వైరి, రిపువు అంటూ మనకు మాటలకు కొదవలేదు. అమరకోశంలో క్షత్రియవర్గం తెరిస్తే ఒక చిత్రమైన నిర్వచనం కనిపిస్తుంది. మన రాజ్యపు పొలిమేర దాటగానే ఉన్న రాజు శత్రువు. అతనికి ఆవల ఉన్నవాడు మిత్రుడు. ఇంతే! శత్రువు దుర్మార్గుడని గాని, రాక్షసుడని గాని అక్కడ చెప్పలేదు. అది గుణాన్ని బట్టి వచ్చిన పేరు కాదు, ఉన్న చోటును బట్టి వచ్చిన పేరు. రాజనీతిలో శత్రుత్వం ఒక స్థానం. ఆ స్థానంలో ఈనాడొకడు, రేపొకడు కూర్చుంటారు.

దీనికి దూరపు దృష్టాంతాలు అక్కరలేదు. ఆ ఉదయం ఏలూరులో రత్నాచల్ ఎక్కి విశాఖకు పోతూ, తాడేపల్లిగూడెం వచ్చినప్పుడు మనుమడికి ఒక సంగతి చెప్పాను. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లీషువారు ఆ ఊళ్ళో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. ఎందుకు? జపానువాడు వస్తాడని. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక 'ర్యూజో' నుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజులలోనే జపాను నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచివేశాయి. మా నాయనగారికి అప్పుడు పన్నెండేళ్ళు. విశాఖవైపునుండి వచ్చే రైళ్ళు మూటాముల్లెలతో, చంటిపిల్లలతో క్రిక్కిరిసి వచ్చేవనీ, జపాను అన్న మాట వింటేనే ఆడవాళ్ళు దీపాలు ఆర్పేవారనీ ఆయన చెప్పేవారు. ఆయన చిన్నతనంలో శత్రువంటే జపానే.

మరుసటి యేడే, 1943లో, నేతాజీ సుభాష్ చంద్రబోసు ఆ జపాను అండతోనే సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని స్థాపించారు. మనం నేతాజీని పూజిస్తాం. మరి విశాఖపై బాంబు వేసిన విమానచోదకుడు మనకు ఎవరు? నాయనగారిని ఒకసారి ఈ ప్రశ్న అడిగితే, కొంతసేపు ఆలోచించి, "వాడూ ఎవరో చెప్తే వచ్చినవాడే గదరా" అన్నారు.

నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి శత్రువు మారిపోయాడు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ శత్రువు. దానికి తోడు అమెరికా తన 'ఎంటర్‌ప్రైజ్' విమానవాహక నౌకను మన బంగాళాఖాతంలోకి పంపింది. సోవియట్ రష్యా మనకు ఆప్తమిత్రం. ఈనాడు సోవియట్ రష్యా అన్న దేశమే లేదు. 2020 నవంబరులో 'మలబార్' విన్యాసాలు విశాఖ తీరానికి ఆవల జరిగినప్పుడు మన నౌకల ప్రక్కన నిలిచినవి అమెరికా, జపాను, ఆస్ట్రేలియా నౌకలు. ఏ నగరంపై జపాను బాంబులు వేసిందో ఆ నగరపు సముద్రానికే జపాను నౌక మిత్రుడుగా వచ్చింది. మంచిదే. నాకు దానిపై ఆక్షేపణ లేదు. మా నాయనగారు బ్రతికి ఉంటే ఏమనేవారో అని మాత్రం అనిపించింది.

ఘాజీ కథ ఇంకా విచిత్రం. ఆ నౌక మొదటి పేరు 'డియాబ్లో'. స్పానిష్ భాషలో దయ్యమని అర్థం. దాన్ని అమెరికా తయారు చేసింది జపానుతో పోరాడడానికి. 1944లో నీటిలోకి దించారు, 1945లో నౌకాదళంలో చేర్చారు. తొలి యుద్ధయాత్రకు బయలుదేరిన కొద్ది రోజులకే, 1945 ఆగస్టులో, జపాను లొంగిపోయింది. ఏ శత్రువు కొరకు పుట్టిందో ఆ శత్రువును అది చూడనే లేదు. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చి, ధర్మయోధుడనే అర్థంగల 'ఘాజీ' అయింది. దయ్యం ధర్మయోధుడైంది! చివరకు, జపాను బాంబులు పడిన విశాఖ ముంగిట, జపానుతో ఏ సంబంధమూ లేని యుద్ధంలో మునిగింది. ఇనుమునకు శత్రువు లేడు, మిత్రుడు లేడు. ఎవరు నడిపితే వారి పగే దాని పగ.

*

ఇప్పుడు నా చప్పట్ల సంగతి చెప్పాలి. అవి 2022లో మొదలైనవి కావు.

1971లో నేను ఏడవ తరగతి. ఘాజీ మునిగిందన్న వార్త వచ్చిన తరువాత ఒక ఉదయం బడిలో ప్రార్థన ముగియగానే హెడ్మాస్టరుగారు ఆ సంగతి చెప్పారు. మేమందరం చప్పట్లు కొట్టాం. ఎంతసేపు కొట్టామంటే ఆయన చేయి ఎత్తి ఆపవలసి వచ్చింది. మన 'విక్రాంత్' నౌకను ముంచడానికి ఘాజీ వచ్చిందనీ, విక్రాంత్ అప్పటికే అండమాన్లవైపు వెళ్ళిపోగా అది విశాఖలోనే ఉన్నట్లు వైస్ అడ్మిరల్ కృష్ణన్ శత్రువును నమ్మించారనీ తరువాత చదువుకొన్నాను. ఆ రాత్రి సముద్రంలో ప్రేలుడుకు తీరంలోని ఇళ్ళ కిటికీలు అదిరాయి. మన నౌక 'రాజ్‌పుత్' వేసిన బాంబుల వల్ల మునిగిందని మనవారు, లోపలి ప్రమాదం వల్లనో తాను పరచిన మందుపాతర వల్లనో అని పాకిస్తాన్ వారు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 2017లో దానిమీద తెలుగులోనే సినిమా కూడ వచ్చింది. ఆ కథ అంతా వ్యూహం, ప్రతివ్యూహం, గెలుపు. విక్రాంత్ మునిగి ఉంటే పోయేవారు మనవారే, వందల సంఖ్యలో. కనుక ఆనాటి మా ఆనందం తప్పని అనను. పన్నెండేళ్ళ పిల్లలం.

కాని యాభై యేళ్ళలో నేను ఒక్కసారి కూడ "అందులో ఎవరున్నారు?" అని అడగలేదు. ఏడేళ్ళవాడు అడిగాడు. నాకు సిగ్గు వేసింది అందుకు.

తిరుగు ప్రయాణానికి ముందు మనుమణ్ణి అదే తీరంలో ప్రదర్శనకు ఉంచిన 'కుర్సురా' జలాంతర్గామి చూపడానికి తీసుకువెళ్ళాను. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన నౌక అది. తరువాతి యేడు ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. లోపల నడవాలంటే ఒక మనిషి ఒదిగితేనే ఇంకొక మనిషికి దారి. గుండ్రని ద్వారాలలోనుండి వంగి, కాలు ముందు పెట్టి దూరాలి. బల్లల వంటి పడకలు ఒకదానిపై ఒకటి. పిడికెడు వంటగది. వెలుతురు తక్కువ, గాలి తక్కువ. కాసేపటికే నాకు ఉక్కిరిబిక్కిరి అయింది. మన నావికులు ఇందులో వారాల తరబడి ఎట్లా ఉన్నారో అని ఆశ్చర్యపోతూ ఉండగానే ఇంకొక ఆలోచన తట్టింది. ఘాజీ కూడ ఇట్లాంటిదే గదా! కరాచీ నుండి సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా ఆ 93 మంది ఇట్లాంటి గొట్టంలోనే వచ్చారు. ఇట్లాంటి బల్లమీదనే పడుకొన్నారు. వారిలో ఇంకా మీసాలు సరిగా రానివారు కూడ ఉండే ఉంటారు. ప్రేలుడు క్షణంలో వారికి దారి ఇట్లాంటి గుండ్రని ద్వారమే.

మన నౌకలో నిలబడితే తప్ప శత్రువు నౌక నాకు కనబడలేదు.

*

ఈ సంగతులన్నీ కొంతకాలానికి నా విద్యార్థితో చెప్పాను. వాడు నెమ్మదిగానే అన్నాడు గాని, ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

"మాస్టారూ, మీరు చెప్పేది తరగతిలో బాగుంటుంది. 'ఖుక్రీ'లో పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఈ మాట చెప్పగలరా?"

'ఖుక్రీ' మన యుద్ధనౌక. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్ జలాంతర్గామి 'హంగోర్' దాన్ని దీవు తీరానికి ఆవల ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను తప్పుకొనే అవకాశం వదలుకొని నౌకతోపాటు మునిగిపోయారు. అంత దూరం ఎందుకు? మొన్న 2025 మే నెలలో మన శ్రీ సత్యసాయి జిల్లా బిడ్డ, యువసైనికుడు మురళీ నాయక్, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పులలో అమరుడయ్యాడు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి "శత్రువు కూడ మనిషే" అని ఉపన్యాసం ఇవ్వగల ధైర్యం నాకున్నదా?

లేదు. ఆ రోజు వాడికి బదులు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించగా తోచినది ఇది.

నేను ముప్ఫై యేళ్ళకు పైగా పిల్లలకు పోతనగారి భాగవతం చెప్పాను. ప్రథమ స్కంధంలో ద్రౌపది ఉన్నది. నిద్రపోతున్న ఆమె అయిదుగురు కొడుకులను అశ్వత్థామ గొంతులు కోసి చంపాడు. అర్జునుడు వాణ్ణి పట్టి, పశువును కట్టినట్లు కట్టి, ఆమె ముందుకు తెచ్చాడు. చంపమని భీముడు కేకలు వేస్తున్నాడు. ద్రౌపది ఏమన్నది? విడిచిపెట్టమన్నది. నేను ఏడుస్తున్నట్లు వీడి తల్లి కూడ ఏడవవద్దన్నది. ఆ ఘట్టం చెప్పేటప్పుడు ప్రతి యేడూ తరగతి నిశ్శబ్దమయ్యేది. ద్రౌపది గుణం ఎంత గొప్పదో చెప్పి, ప్రశ్నలు వ్రాయించి, ముందుకు పోయేవాణ్ణి. ఒక సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆ మాట అనే అధికారం ద్రౌపది ఒక్కతెకే ఉన్నది. కృష్ణుడు చెప్పి ఉంటే ఉపదేశం అయ్యేది. ధర్మరాజు చెప్పి ఉంటే నీతి అయ్యేది. కడుపు కోత పడ్డ తల్లి అన్నది గనుకనే అది నిలిచింది.

1965 యుద్ధంలో, సెప్టెంబరు 19న, గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతా ప్రయాణిస్తున్న చిన్న పౌరవిమానాన్ని పాకిస్తాన్ వైమానికుడు ఖైస్ హుస్సేన్ కూల్చాడు. అందులోనివారందరూ మరణించారు. ఆ విమానాన్ని నడిపినది జహంగీర్ ఇంజనీర్. నలభై ఆరేళ్ళ తరువాత, 2011లో, ఖైస్ హుస్సేన్ ఆ చోదకుని కుమార్తెకు తన విచారాన్ని తెలుపుతూ ఉత్తరం వ్రాశాడు. తాము అతనిపై ద్వేషం పెట్టుకోలేదని ఆమె బదులిచ్చింది. ఇక్కడ కూడ క్షమించినది తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ. ఉత్తరం చదివి కంట తడి పెట్టుకొన్న మనం కాదు.

కాబట్టి నా విద్యార్థి మాట నిజమే. క్షమించే హక్కు నాకు లేదు. నేను పోగొట్టుకొన్నది ఏమీ లేదు గనుక, నా క్షమాపణకు వెల కూడ లేదు. కాని అదే న్యాయం ఇంకొక వైపు కూడ పనిచేస్తుంది. క్షమించే హక్కు లేనివాడికి ద్వేషించే హక్కు మాత్రం ఎక్కడినుండి వచ్చింది? ఖుక్రీ వితంతువుకు పగ ఉండవచ్చు. అది ఆమె సొంతం. ఒడ్డున కూర్చొని వేరుసెనగకాయలు తింటూ విమానాలు చూచే నాకు ఆ పగ అరువు సొమ్ము. పోరాడనివాడి పగే అందరికంటె ఎక్కువ కేకలు వేస్తుంది. పోరాడినవారు తరచుగా ఊరుకుంటారు.

దీనికి రుజువు మన నౌకాదళమే. 2024లో మనవారు కొత్తగా సంపాదించుకొన్న, లోతు నీటిలో రక్షణ కార్యాలకు వాడే వాహనంతో ఘాజీ శకలాలను గుర్తించారు. తాకలేదు. మరణించినవారిపట్ల గౌరవంతో అట్లాగే వదిలిపెట్టామన్నారు. ఆ వార్త చదివిన రోజున నాకు రామాయణం గుర్తుకు వచ్చింది. రావణుడు పడ్డ తరువాత అంత్యక్రియలకు విభీషణుడు వెనుకాడితే, వైరం మరణంతోనే ముగిసిందని చెప్పి చేయించినవాడు శ్రీరాముడు. స్త్రీపర్వంలో ధర్మరాజు తన పక్షమువారికే గాక, దిక్కులేక పడి ఉన్న ఎదుటి పక్షమువారికి కూడ దహనం చేయించాడు. ఉపపాండవులు చచ్చి ఎన్నో దినాలు కాలేదప్పటికి. మన నావికులు ఈ గ్రంథాలను తలచుకొన్నా తలచుకొనకపోయినా, చేసినది అదే పని.

మరి ఒడ్డున ఉన్న మనం?

*

వైమానిక ప్రదర్శనలు వద్దని నేను అనడం లేదు. సైన్యం ఉండాలి. దాని నేర్పు ప్రజలకు తెలియాలి. చూచిన పిల్లలలో కొందరికైనా ఆ వృత్తిపై మక్కువ కలగాలి. నా విద్యార్థి అట్లా వెళ్ళినవాడే. ప్రదర్శన కూడ ఆట కాదు. 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేటలో జరిగిన విమాన ప్రదర్శనలో నౌకాదళపు 'సాగర్ పవన్' విమానం కూలి ఇద్దరు చోదకులు ప్రాణాలు కోల్పోయారు. మనకు వినోదంగా కనిపించే దాని వెనుక ప్రాణం పణంగా ఉన్నది.

నేను కోరేది చిన్నది. విశాఖ తీరంలో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉన్నది. నౌకాదళ దినోత్సవం నాడు అక్కడ మన అమరులకు పుష్పగుచ్ఛం ఉంచుతారు. అది ముందుగా జరగవలసినదే. దానితోపాటు, సాయంత్రం విమానాలు లేవడానికి ముందు ఒక్క నిమిషం, ఆ సముద్రంలో పడి ఉన్నవారందరి కొరకు జనం లేచి నిలబడితే బాగుంటుందని నా కోరిక. వ్యాఖ్యాత ఒక్క వాక్యం చెప్పాలి: ఈ నీటి అడుగున 93 మంది ఎదుటి పక్షపు నావికులు కూడ ఉన్నారు. అంతే. క్షమించామని చెప్పనక్కరలేదు. వారు వచ్చిన పని మంచిదని ఒప్పుకోనక్కరలేదు. ఉన్నారని చెబితే చాలు. తర్పణం విడిచేటప్పుడు మనవారందరి పేర్లూ అయిన పిమ్మట, బంధువులు లేనివారికి, నీరు వదిలేవారు లేనివారికి కూడ ఒక దోసిలి ఇచ్చే సంప్రదాయం మన ఇళ్ళలో ఉన్నది. ఈ నిమిషం ఆ దోసిలి వంటిది.

ఈ పని ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. చూడడానికి వెళ్ళేవారు ఎవరికివారు చేయవచ్చు.

నేను చేయవలసినది ఒకటి మిగిలి ఉండెను. మా మనుమడికి ఇప్పుడు పదేళ్ళు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రం చెరువుగట్టు మీద కూర్చొని ఉండగా చెప్పాను. "ఆ రోజు నువ్వు అడిగావు గదా, అందులో ఎవరైనా ఉన్నారా అని. ఆ బొమ్మలో లేరు గాని, ఆ సముద్రంలో ఉన్నారు" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. వాడు విని, "మనవాళ్ళేనా?" అని అడిగాడు.

"కాదు" అన్నాను.

వాడు కొంచెంసేపు ఊరుకొని, "వాళ్ళ ఇంట్లోవాళ్ళకు తెలుసా, వాళ్ళు అక్కడున్నారని?" అన్నాడు.

తెలుసునని చెప్పాను. ఇంక అడగలేదు. కొల్లేటివైపు బారు ఒకటి పోతూ ఉంటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మీలో విశాఖవారు, సైన్యంలో పనిచేసినవారు, బిడ్డలను సైన్యానికి ఇచ్చినవారు ఉంటే మీ మాట తప్పక చెప్పండి. నాతో విభేదించినా సరే, ఈ విషయంలో మీ మాటకే బరువు ఎక్కువ.